దూరాన నిలబెట్టే జూమ్, దగ్గరికి నడిపించే 35: ఏది మేలు?

దూరపు మనిషిని దగ్గరగా చూపించే నా 55-250 (మిల్లీమీటర్ల) జూమ్ లెన్సు అమ్మేశానని తెలిసినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న: "మరి మనుషులను సహజంగా తీయడం ఎలా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్సు వాడి, రెండో లెన్సు కోసం డబ్బు దాచుకుంటున్నవాళ్లు. జూమ్ కొనాలా, 35 ప్రైమ్ (జూమ్ చేయడానికి వీల్లేని, ఒకే దూరపు లెన్సు) కొనాలా అన్నది వాళ్ల సందేహం. ఆరేళ్లు జూమ్‌తోనే తిరిగాను కాబట్టి దాని మీద నాకు పగేమీ లేదు.

జూమ్ పక్షాన చెప్పే మాట సూటిగానే ఉంటుంది. కెమెరా కనబడగానే మనిషి ముఖం బిగుసుకుంటుంది, కనుక కనబడనంత దూరంలో ఉండు అని. గుంటూరు శంకర్ విలాస్ సెంటర్లో రోడ్డుకు ఇవతల నిలబడి, అవతల టీ తాగేవాళ్లను నేను అలాగే తీశాను. మధ్యలో ఆటోలు అడ్డు రాకపోతే ఒక మంచి ఫోటో వస్తుంది. ఒకటే. రెండోసారి నొక్కేసరికి టీ తాగే ఆయన మనల్ని చూస్తాడు. ఆ చూపులో "ఎవడు వీడు, నన్నెందుకు తీస్తున్నాడు" అన్న అనుమానం ఉంటుంది. నా పాత ఫోటోల్లో అలాంటి చూపులు కోకొల్లలు.

నా లెక్కలో తేడా అంతా ఇక్కడే ఉంది. జూమ్‌కు దొరికేది మనిషి మనల్ని గమనించకముందు సమయం, అంటే కొన్ని క్షణాలు. దగ్గర కూర్చున్నవాడికి దొరికేది మనల్ని గమనించి, పలకరించి, ఆ తర్వాత మరిచిపోయిన సమయం. అది గంటసేపైనా ఉంటుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మిర్చి రోజుల్లో జూమ్‌తో తీసిన ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. షెడ్డు నీడలో ఒక పెద్దావిడ ముంజేతితో కన్ను తుడుచుకుంటోంది. దానికి "కన్నీరు" అని పేరు పెట్టి నలుగురికీ చూపించుకున్నాను, మెప్పు కూడా పొందాను. నిరుడు ఎండాకాలం 35 పట్టుకుని అలాంటి షెడ్డుకే వెళ్లాను. మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లను అడిగి, ఒక పక్కగా కూర్చున్నాను. రెండు నిమిషాల్లో ఘాటు నషాళానికి అంటి తుమ్ములు మొదలయ్యాయి. వాళ్లు పడీపడీ నవ్వారు. తర్వాత పైట సర్దుకుని, నవ్వు ఆపుకుని, నిటారుగా కూర్చున్నారు. ఆ ఫోటోలూ తీసి చూపించాను, అవి వాళ్ల కోసం. ఇంకో పావుగంటకు మాటలు ఎవరి కోడలి మీదకో మళ్లాయి, నా సంగతి వదిలేశారు. అప్పుడు చూశాను: బొటనవేలితో తొడిమ తుంచడం, కాయను గంపలో వేయడం, మధ్యమధ్య ముంజేతితో కన్ను తుడుచుకోవడం. "వేళ్లతో తుడిస్తే ఇంకేమైనా ఉందా నాయనా, కారం" అంది పక్కావిడ. నా "కన్నీరు" ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ పేరు తీసేశాను.

ఇక సాంకేతిక సంగతులు. చిన్న (క్రాప్) సెన్సారున్న మన కెమెరాల మీద 35 లెన్సు, పెద్ద సెన్సారు మీద 50 లెన్సు చూపించినంత మేర కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది, అంటే మనిషితో పాటు అతని గంపా, పక్కమనిషి మోకాలూ ఫ్రేములో పడతాయి. ఎఫ్/8 (ఎఫ్ అంటే లెన్సు కన్నం కొలత, అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది) పెట్టి, ఫోకసును మూడు మీటర్ల దగ్గర ఆపేస్తే సుమారు 2.2 నుంచి 5 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఫోకసు కోసం తడుముకోనక్కర్లేదు. కదిలే చేతులకు షట్టరు 1/250 సెకను ఉండాలి. షెడ్డు లోపల మాత్రం వెలుగు చాలక ఎఫ్/8 కుదరదు, ఎఫ్/2.8కి దిగి ఫోకసు చూసుకోవాల్సిందే. నా జూమ్ 250 దగ్గర ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు. చేతిలో పట్టుకుని తీస్తే ఫోటో అదరకుండా షట్టరు 1/400 దాకా ఉంటే మేలు. నీడలో అంత వేగానికి వెలుగు చాలక ఐఎస్‌ఓ (సెన్సారు సున్నితత్వం) పెంచాలి, అప్పుడు వచ్చేది గింజల గింజల ఫోటో.

జూమ్‌కు దాని చోట్లు దానికి ఉన్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల చెరువులో కొంగలకూ గూడబాతులకూ 35 ఎందుకూ పనికిరాదు. పెళ్లిలో జీలకర్ర బెల్లం వేళకు వీడియో వాళ్లు మనల్ని మండపం దరిదాపులకు రానివ్వరు, అప్పుడూ జూమే దిక్కు. కృష్ణ ఒడ్డున ఘాట్లలో స్నానం చేసేవాళ్ల మీదకు దాన్ని ఎక్కుపెట్టడం మాత్రం నాకు నచ్చదు. ఒకప్పుడు నేనూ చేశాను.

ఫోను? ఇంట్లో పిల్లలకు చాలు. ముఖాన్ని నునుపు చేసే సదుపాయం ఆపేసి, వంగి వాళ్ల కళ్ల ఎత్తులో తీయండి. "కెమెరా వైపు చూడకుండా మామూలుగా నవ్వండి" అని నిలబెట్టి తీసే పద్ధతి గురించి చెప్పడానికేమీ లేదు.

కొనేముందు ఒక పని చేయండి. మీ 18-55ను 35 దగ్గర పెట్టి, తిరగకుండా టేపు అంటించి, వారం రోజులు గుంటూరు బ్రాడీపేట లైన్లలో (వీధుల్లో) తిరగండి. మనుషులకు మూడు మీటర్ల దగ్గరికి వెళ్లేసరికి కాళ్లు ఆగిపోతుంటే జూమే కొనుక్కోండి. నాది అడగకండి, అమ్ముడుపోయింది.