ఆగి చూస్తే ఎక్కువా, పరిగెత్తి చూస్తే ఎక్కువా? థియేటర్, ఓటీటీ, టీవీ, డిస్క్‌లలో ఏది మేలు

పుష్ప 2 ప్రీమియర్‌కి మా బావమరిది 2024 డిసెంబర్ 4 రాత్రి వెళ్లాడు. తెలంగాణలో ఆ షోకి టికెట్ మీద అదనంగా 800 రూపాయలు తీసుకోవచ్చని ప్రభుత్వం అనుమతిచ్చింది కాబట్టి, ఒక్క టికెట్టే వెయ్యి దాటింది. నేను రెండు వారాలాగి, రేటు దిగాక వెళ్లాను. మా ఆవిడ అసలు కదల్లేదు, జనవరి 30న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాక ఇంట్లోనే చూసింది. వాడూ నేనూ చూసిన సినిమా 3 గంటల 20 నిమిషాలు. ఆవిడ చూసింది 3 గంటల 44 నిమిషాలు. "వెయ్యి పెట్టినోడికి తక్కువ సినిమా, సోఫాలో కూర్చున్నోళ్లకి ఎక్కువ సినిమానా బావా?" అని వాడు ఇప్పటికీ గొడవ పెట్టుకుంటాడు.

వాడి గొడవలో న్యాయం ఉంది. ఒకప్పుడు హోమ్ వీడియో అంటే థియేటర్లో ఆడిన సినిమాయే క్యాసెట్ ఎక్కి ఇంటికి రావడం. ప్రింటు మసగ్గా ఉండేది, పాటలు కొన్ని ఎగిరిపోయేవి, అంతకుమించి తేడా ఉండేది కాదు. ఇప్పుడు థియేటర్లో ఒక సినిమా, ఓటీటీలో ఇంకో సినిమా. కాబట్టి "ఎక్కడ చూడాలి" అని అడిగేముందు "ఎక్కడ ఏ సినిమా దొరుకుతోంది" అని అడగాలి.

పుష్ప 2 సంగతే ముందు తేల్చేద్దాం. డిసెంబర్ 5న విడుదలైన సినిమాకి జనవరి 17న ఇరవై నిమిషాలు కలిపి 'రీలోడెడ్' పేరుతో మళ్లీ థియేటర్లలో వేశారు. నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది ఆ రీలోడెడే, ఇంకో మూడు నాలుగు నిమిషాలు ఎక్కువతో. ఆ జపాన్ రేవులో ఫైట్ ఎందుకొచ్చింది, ఎలా పోయింది అని థియేటర్లో తల గోక్కున్నవాళ్లకి ఇందులో కొంత జవాబు దొరుకుతుంది. కథ పరంగా చూస్తే ఇంట్లో చూసినవాళ్లే లాభపడ్డారు. కానీ ఈ సినిమాని కథ కోసం చూసినవాళ్లు ఎంతమంది? గంగమ్మ జాతర ఘట్టం ఉంది చూడండి, అల్లు అర్జున్ చీర కట్టి, ఒళ్లంతా రంగు పూసుకుని ఊగిపోతుంటే, ఆ డప్పులు థియేటర్లో ఛాతీకి తగిలాయి. మా పక్క వరసలో ఒక పెద్దావిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అదే ఘట్టం ఇంట్లో రెండోసారి చూస్తుంటే మధ్యలో కుక్కర్ విజిల్ వేసింది, మా ఆవిడ పాజ్ నొక్కి వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి జాతర చల్లారిపోయింది.

అందుకని పుష్ప 2కి నా ఓటు థియేటర్‌కే. ప్రీమియర్‌కి మాత్రం కాదు. ఆ రాత్రే సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. మొదటి షో చూశామని చెప్పుకోడానికి అంత తోపులాట అవసరమా అన్న ప్రశ్న నాకు అక్కడితోనే తేలిపోయింది. రెండో వారం సినిమా ఏమీ పాసిపోదు. పొడవైన వెర్షన్ కావాలంటే తర్వాత ఇంట్లో, రెండు రాత్రులుగా చూసుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆ అదనపు నిమిషాల్లో సగం నాకు ల్యాగ్ అనిపించాయి.

కల్కి 2898 ఏడీ దీనికి సరిగ్గా తిరగేసిన కేసు. 2024 జూన్ 27న థియేటర్లోకి వచ్చింది, ఆగస్టు 22న ఓటీటీలోకి వచ్చింది. ఇక్కడ సినిమా పెరగలేదు, ఓ ఆరు నిమిషాలు తగ్గింది. ఫస్టాఫ్‌లో ప్రభాస్ కామెడీ సాగిందని విడుదలైన రోజునే అందరూ అన్నారు కాబట్టి ఆ కోతకి ఎవరూ ఏడవలేదు. కానీ కోత కంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఈ సినిమాలో సగం గొప్పతనం దుమ్ములో, చీకట్లో ఉంది. ఎండిపోయిన కాశీ, పైన వేలాడే కాంప్లెక్స్, మొదట్లో వచ్చే కురుక్షేత్రం. అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడితే ఆ మనిషి ఎత్తు మన మెడ మీద తెలియాలి. అది పెద్ద తెర మీదే తెలుస్తుంది. సూళ్లూరుపేటలో సుమారు వంద అడుగుల వెడల్పున్న తెర ఒకటి 2019 నుంచి ఉంది. చెన్నై నుంచి కూడా జనం కార్లేసుకుని వచ్చి చూసిపోతారు. కల్కి లాంటి సినిమాకి ఆ పెట్రోలు ఖర్చు దండగ కాదు. 43 అంగుళాల టీవీలో అశ్వత్థామ మా షోకేసులో బొమ్మంత ఉన్నాడు.

మరి ఎన్ని రోజులు ఆగాలి? ఇందులో ఒక లెక్క ఉంది, అది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. హిందీ ప్రాంతాల్లో పెద్ద మల్టీప్లెక్స్ చెయిన్‌లు ఓటీటీకి ఎనిమిది వారాల గ్యాప్ లేకపోతే సినిమా వెయ్యబోమంటాయి. ఎనిమిది వారాలంటే 56 రోజులు. ఆర్ఆర్ఆర్ 2022 మార్చి 25న విడుదలై మే 20న ఓటీటీకి వచ్చింది, లెక్కపెట్టండి, సరిగ్గా 56. కల్కి 56. పుష్ప 2 కూడా 56. దేవర చూస్తే ఇంకా తమాషా: తెలుగు 42వ రోజున నవంబర్ 8న వచ్చేసింది, హిందీ మాత్రం నవంబర్ 22న, అంటే 56వ రోజున. ఒకే సినిమా, ఒకే నెట్‌ఫ్లిక్స్, మనకి ఆరు వారాలు, వాళ్లకి ఎనిమిది. 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపేసి కూర్చున్నప్పుడు, మనమూ ఎనిమిది వారాలు పాటిద్దాం అన్నారు. అది ఎంత నిలబడిందో దేవర తేదీలే చెప్తున్నాయి. పుష్ప మొదటి భాగమైతే 21 రోజులకే ప్రైమ్‌లో ప్రత్యక్షమైంది, అప్పటికి మా ఊళ్లో ఇంకా ఆడుతోంది.

కాబట్టి హిందీ మార్కెట్ మీద ఆశ ఉన్న పెద్ద సినిమా అయితే రెండు నెలలు. తెలుగు వరకే చూసుకునే సినిమా అయితే నెల లోపే రావచ్చు, అలాంటి వాటికి ఓపిక పట్టడం కష్టమేమీ కాదు.

ఇంకో చిక్కు, ఏ భాష ఎక్కడ అన్నది. ఆర్ఆర్ఆర్ హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో, తెలుగు జీ5లో వచ్చాయి. ప్రపంచమంతా, ఆస్కార్ వేసే ఓటర్లతో సహా, చాలామంది చూసింది నెట్‌ఫ్లిక్స్‌లోని హిందీ డబ్బింగే. అమెరికాలో ఉండే మా పెద్దమ్మ కొడుకు తన ఆఫీసు స్నేహితులకి "ఇది తెలుగు సినిమా" అని చెప్పి, హిందీలో మొదలైపోయేసరికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదన్నాడు. కల్కికి కూడా ఇదే పంపకం: తెలుగు ప్రైమ్‌లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. హనుమాన్ అయితే హిందీ 2024 మార్చి 16న టీవీలోనూ జియోసినిమాలోనూ వచ్చింది, తెలుగు మర్నాడు జీ5లో. మన సినిమా మనకంటే ఒకరోజు ముందు వాళ్లింటికి వెళ్లిందన్నమాట. థియేటర్లో ఈ బాధ లేదు. పోస్టర్ మీద తెలుగు ఉంటే లోపల తెలుగే.

టీవీని చాలామంది ఈ పోటీలోంచి తీసేస్తారు. నేను తీయను. సంక్రాంతికి వస్తున్నాం 2025 జనవరి 14న విడుదలై, మార్చి 1 శనివారం సాయంత్రం ఆరింటికి జీ తెలుగులోనూ జీ5లోనూ ఒకేసారి వచ్చింది. మా ఇంట్లో జీ5 ఉంది, నొక్కితే ప్రకటనలు లేకుండా వస్తుంది. అయినా అందరం టీవీలోనే చూశాం. మా అత్తయ్యకి యాప్ తెరవడం రాక కాదు. "అందరూ ఇప్పుడు చూస్తున్నారు కదా" అన్నది ఆవిడ లెక్క. ప్రకటనలు వచ్చినప్పుడల్లా పక్కింటావిడకి ఫోను, బుల్లిరాజు తిట్టినప్పుడల్లా ఇద్దరూ నవ్వు. ఈ సినిమాలో ఆ పిల్లాడు ఓటీటీ చూసి బూతులు నేర్చుకుని చెడిపోయినవాడు. ఓటీటీని తిట్టే జోకుని ఓటీటీలో ఒంటరిగా చూడ్డం కంటే, ఇంటిల్లిపాదీ టీవీ ముందు చూడ్డమే సబబు. వెంకటేష్ ఇద్దరాడవాళ్ల మధ్య నలిగిపోయే సీన్లకి అట్మాస్ (చుట్టూ నలువైపుల నుంచీ వినిపించే సౌండ్) అక్కర్లేదు, పక్కన నవ్వే మనుషులు కావాలి. అనిల్ రావిపూడి సినిమాకి థియేటర్ ఎంత బాగుంటుందో పండగనాటి హాలు కూడా అంతే బాగుంటుంది. సెకండాఫ్‌లో కథ పలచబడిందని నాకు థియేటర్లో అనిపించింది, ప్రకటనల మధ్య అదీ తెలియలేదు.

ఇక డబ్బు. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో మామూలు రోజున టికెట్ 295 అనుకుంటే నలుగురికి 1,180. ఆన్‌లైన్ బుకింగ్ చార్జీ, పాప్‌కార్న్, పార్కింగ్ కలిపి రెండు వేలు దాటడానికి ఎంతోసేపు పట్టదు. నెట్‌ఫ్లిక్స్ నెలకి 149 నుంచి 649 దాకా. ఈ లెక్క చూసి "ఓటీటీయే చవక" అని అందరూ తేల్చేస్తారు గానీ, ఆ 149కీ 649కీ మధ్య ఏముందో చూడరు. 149 ఫోను, ట్యాబ్‌ల కోసం. 199 ప్లాన్‌లో బొమ్మ స్పష్టత 720పి దగ్గర ఆగిపోతుంది. 4కే, అట్మాస్ రెండూ 649లోనే. మా స్నేహితుడొకడు 55 అంగుళాల టీవీ, దానికో సౌండ్‌బార్ కొని, 199 ప్లాన్ పెట్టుకుని, దేవరలో సముద్రం సీన్లు చూసి "గ్రాఫిక్స్ చెత్తగా ఉన్నాయి" అన్నాడు. తప్పు గ్రాఫిక్స్‌లోనే లేదు, ప్లాన్‌లోనూ ఉంది. పైగా 4కేకి ఇంటర్నెట్ స్పీడు 15 ఎంబీపీఎస్ (సెకనుకి 15 మెగాబిట్లు) నిలకడగా ఉండాలి, గంటకి దాదాపు 7 జీబీ డేటా పోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పుష్ప 2 రీలోడెడ్ మొదలుపెట్టేముందు ఈ గుణకారం ఒకసారి వేసుకోండి. ప్రైమ్‌లో 2025 జూన్ నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు కూడా వస్తున్నాయి, అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలి. టీవీని వెక్కిరించినవాళ్లంతా ఇప్పుడు డబ్బిచ్చి ప్రకటనలు చూస్తున్నారు.

చివరగా డిస్క్. ఈ మాట ఎత్తితే మా పిల్లలు నన్ను వింతగా చూస్తారు. వీసీడీలు అద్దెకిచ్చే కొట్టు మా వీధి చివర ఉండేది. పెద్ద సినిమా అయితే మూడు డిస్కులు, మూడోదానికే గీతలు, క్లైమాక్స్‌లోనే బొమ్మ ముక్కలైపోయేది. హీరో విలన్‌ని ఏం చేశాడో తెలియని సినిమాలు నాకు ఇప్పటికీ ఓ నాలుగైదున్నాయి. తర్వాత మోజర్ బేర్ వచ్చి వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి అమ్మినప్పుడు అద్దెకి తెచ్చుకోవడం మానేసి కొనుక్కోవడం మొదలుపెట్టాం. ఓటీటీ వచ్చాక ఆ అల్మరా అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు కొత్త తెలుగు సినిమా డిస్క్ మన దగ్గర దొరకడం గగనమే. కానీ నాణ్యత మాట వస్తే ఇంట్లో చూసేవాటిలో బ్లూరేని కొట్టింది లేదు. మామూలు బ్లూరే బొమ్మకే సెకనుకి 40 మెగాబిట్ల దాకా కేటాయించగలదు, పైన చెప్పిన 4కే స్ట్రీమింగ్ పదిహేను దగ్గరే సర్దుకుంటుంది. మామూలు పగటి సీన్లలో ఆ తేడా పెద్దగా కనపడదు. శేషాచలం అడవిలో రాత్రి సీన్లు, కల్కిలో పొగ, ఇలాంటి చోట్ల నలుపు మెట్లుమెట్లుగా విరిగి కనిపిస్తుందే, అది ఆ తేడానే. రెండోది, డిస్క్ ఎవరూ వెనక్కి తీసుకుపోరు. హక్కులు మారితే యాప్‌లోంచి సినిమా ఏ రాత్రయినా మాయమవుతుంది, ఉన్నా ఏ వెర్షన్ ఉంచాలో వాళ్లిష్టం. బాహుబలి రెండు భాగాలూ కలిపి 2025 అక్టోబర్ 31న 'ది ఎపిక్' అని 3 గంటల 45 నిమిషాల సినిమాగా వదిలారు. థియేటర్లో అదిరింది, కాదనను. కానీ పదేళ్ల తర్వాత ఒక పిల్లాడు "బాహుబలి పెట్టు" అంటే ఏది మొదలవుతుందో!

అందుకే మళ్లీ మళ్లీ చూసే ఒకటి రెండు సినిమాలైనా డిస్క్ మీద ఉంచుకోవాలని నాకు కోరిక. తెలుగు సినిమాని ఇంకా బ్లూరే వేసి అమ్ముతున్న దేశం ఒకటుంది, జపాన్. ఆర్ఆర్ఆర్ అక్కడ 2022 అక్టోబర్ 21న థియేటర్లలోకి వచ్చి, తర్వాత డిస్క్‌గా కూడా వచ్చింది. టోక్యోలో ఉద్యోగం చేసే మా మేనల్లుడిని అడిగితే సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానన్నాడు. ఆర్డర్ కూడా పెట్టేశాడు. బ్లూరేలకి రీజియన్లు ఉంటాయనీ, ఒక రీజియన్ డిస్క్ ఇంకో రీజియన్ ప్లేయర్‌లో ఆడకపోవచ్చనీ, జపాన్ 'A' కిందకి, మన దేశం 'C' కిందకి వస్తాయనీ నాకు ఆ తర్వాత తెలిసింది. మా ప్లేయర్ 'C'. అన్ని రీజియన్ల డిస్కులూ ఆడే సెకండ్ హ్యాండ్ ప్లేయర్ కోసం ఈ ఆదివారం కోఠి వైపు వెళ్లి చూడాలి.