40 రూపాయల బొత్తాలతో డీజిల్ కొట్టించే బాధ తీరింది

నెలకు రెండుసార్లు అమ్మను గుంటూరు బ్రాడీపేట నుంచి మంగళగిరి ఎయిమ్స్‌కి నేనే కారులో తీసుకెళ్తాను. మాది 2014 మోడల్ డీజిల్ కారు. ఇంజన్‌తో ఏ పేచీ లేదు. డీజిల్ కొట్టించడం దగ్గరే ప్రాణం విసిగిపోయేది. సీటు పక్కన లివర్ లాగితే టక్‌మంటుంది కానీ, ట్యాంకు దగ్గరి డోరు లేవదు. లివర్ వదిలితే మళ్లీ లాక్ పడిపోతుంది. నేను లివర్ పట్టుకుని కూర్చుంటే ఇంకొకరు బయట నుంచి డోరు లాగాలి. ఆ ఇంకొకరు మా అమ్మే. 71 ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, పైన మే నెల ఎండ. చేతులు పెడితే ఆ రేకు కాలిపోతూ ఉంటుంది. ఒకసారి పంపు కుర్రాడు తాళంచెవితో పీకబోతే అంచున పెయింట్ లేచిపోయింది.

డోరు వెనక చిన్న రేకు స్ప్రింగ్ ఒకటి ఉంటుంది. లాక్ వదలగానే డోరును బయటికి తన్నేది అదే. అది వంగిపోయి బలం తగ్గింది. ఒక వర్క్‌షాప్‌లో లివర్ నుంచి లాక్ దాకా ఉండే కేబుల్‌తో సహా మార్చాలన్నారు. టక్‌మంటోందంటే కేబుల్ పని చేస్తున్నట్టే కదా, దాన్నెందుకు మార్చడం అని వచ్చేశాను.

పట్నం బజారులో ఒక హార్డ్‌వేర్ షాపులో, కప్‌బోర్డు తలుపులు కొట్టుకోకుండా అంటించే గుండ్రటి బొత్తాలు కనిపించాయి. ఒక వైపు జిగురు ఉంటుంది. ముందు నల్ల రబ్బరువి కొన్నాను. మూత కింద, డోరు అంచు ఆనే చోట ఒకటి అంటించాను. మొదటి నెల బ్రహ్మాండంగా పని చేసింది. తర్వాత అది ఉబ్బి, మెత్తబడి ఊడిపోయింది. డీజిల్ కొట్టే గన్ బయటికి తీసేటప్పుడు కారే చుక్కలు దాని మీదే పడేవి. మామూలు రబ్బరు డీజిల్‌కి ఉబ్బుతుంది.

రెండోసారి గాజులా కనిపించే మెత్తటి ప్లాస్టిక్ బొత్తాలు తెచ్చాను, 8 ఉన్న ప్యాకెట్ 40 రూపాయలు. ఈసారి చుక్కలు పడని పై మూలలో అంటించాలనుకున్నాను. ఎంత మందం కావాలో తెలియక చపాతీ పిండి చిన్న ముద్ద ఆ మూలలో పెట్టి, డోరు మూసి తీశాను. ముద్ద 4 మిల్లీమీటర్లకు అణిగింది. దానికంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువున్న బొత్తం సరిగ్గా సరిపోయింది. ఇంకా లావుది పెడితే లాక్ పడదు, దారిలో డోరు తెరుచుకుంటుంది. అంటించే ముందు ఆ చోటు స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాను. రాత్రంతా డోరు తెరిచే ఉంచాను.

ఇప్పుడు లివర్ లాగగానే డోరు వేలు పట్టేంత బయటికి వస్తుంది. పంపు కుర్రాడే తెరుచుకుంటాడు. ఏడు నెలలైంది, అమ్మ పంపు దగ్గర కారు దిగలేదు. ఈ వస్తువు గురించి నాకు ముఖ్యం ఇదే.

లోపాలూ ఉన్నాయి. ప్యాకెట్ మీద మందం ఎంతో రాయలేదు, షాపులో స్కేలు అడిగి కొలుచుకోవాల్సి వచ్చింది. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపు సూటిగా కొడితే ఒకటి ఊడిపోయింది. ప్యాకెట్‌లో ఇంకా ఉన్నాయి కాబట్టి అదే సాయంత్రం అంటించుకున్నాను.

పనిలో పనిగా డోరు లోపల తెలుగులో పెద్దక్షరాలతో ‘డీజిల్’ అని స్టిక్కర్ కూడా వేయించాను. ఒక పంపులో కొత్త కుర్రాడు పెట్రోల్ గన్ చేతిలోకి తీసుకోవడం చూసి నాకు గుండె ఆగినంత పనైంది. డీజిల్ ఇంజన్‌లో ఇంధనాన్ని నెట్టే పంపుకీ, దాన్ని చిమ్మే ఇంజెక్టర్లకీ డీజిలే నూనెలా పని చేస్తుంది. పెట్రోల్ పడితే అవి అరిగిపోతాయి. పొరపాటున పడినా తాళం తిప్పకుండా బండి పక్కకి తోయించి, ట్యాంకు ఖాళీ చేయించాలి.

గన్ మాటిమాటికీ కట్ అవుతోందని కొందరు ట్యాంకునే అనుమానిస్తారు. చాలాసార్లు కారణం నురగ. గన్ కొసన ఉండే చిన్న రంధ్రానికి నురగ తగిలినా అది ఆగిపోతుంది. “నిదానంగా కొట్టు బాబూ” అంటే చాలు, మా కారుకి సగం సార్లు అలాగే సరిపోతుంది. అప్పటికీ కట్ అవుతుంటే ట్యాంకు గాలి పైపు మూసుకుపోయిందేమో మెకానిక్‌తో చూపించాలి, దానికి ఈ బొత్తం పనికిరాదు.

మిగిలిన బొత్తాల్లో రెండు మా తమ్ముడి కారుకి ఇచ్చాను. కానీ వాడి డోరుకి అవి లావయ్యాయి, 3 మిల్లీమీటర్లదే పట్టింది.