శ్రద్ధాంజలి ప్రకటన: ఏ పత్రిక మేలు?

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలలో పెద్దవారెవరైనా పోయినప్పుడు, దహనం ముగిసి ఇంటికి చేరగానే వచ్చే ప్రశ్న, ప్రకటన ఏ పత్రికకు ఇవ్వాలని. నిరుడు మా పెదనాన్నగారు పరమపదించినప్పుడు ఆ పని నా మీద పడింది. అప్పటినుంచి బంధువులు ఇటువంటి సమయాల్లో నన్నే అడుగుతున్నారు కనుక, నాకు తోచింది రాస్తున్నాను.

ఈ ఊళ్లో అందరికీ ముందుగా గుర్తుకు వచ్చేది ది హిందూ. 1878లో ఇక్కడే పుట్టిన ఆ పత్రికలో ఈ ప్రకటనలను వెతుక్కుని మరీ చదివే విశ్రాంత ఉద్యోగులు పశ్చిమ మాంబళంలోనూ అడయారులోనూ ఇప్పటికీ ఉన్నారు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పెదనాన్నగారితో కలిసి పనిచేసిన తమిళులకు, మలయాళీలకు కబురు అందింది దాని ద్వారానే. ఖర్చు ఎక్కువే, కానీ నా అభ్యంతరం ఖర్చు గురించి కాదు. ఏజెన్సీవారు టైపు చేసి చూపించిన ప్రతిలో మా ఇంటిపేరు కాస్తా 'వి' అనే ఒక్క పొడి అక్షరమై కూర్చుంది. తమిళులకు ఆ అక్షరం తండ్రి పేరు. మనకు ఇంటిపేరూ, పుట్టిన ఊరూ కనబడితే తప్ప ఫలానా మనిషి అని ఆనవాలు దొరకదు.

అసలు పత్రికలో వేయించేది ఎవరికోసం? మన దగ్గర నంబర్లున్న వారందరికీ వాట్సాప్‌లో గంటలోపే తెలిసిపోతుంది. పోయినవారిని బాగా ఎరిగి ఉండి, మనం మాత్రం ఎరగనివారు కొందరుంటారు. వారికి చేరే దారి పత్రిక ఒక్కటే. ఆ లెక్కన చూస్తే నా మొగ్గు తెలుగు దినపత్రిక వైపే, అందులోనూ చెన్నై పేజీకంటే స్వస్థలపు జిల్లా పేజీ వైపే.

ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914లో, ఆంధ్రప్రభ 1938లో మద్రాసులోనే మొదలయ్యాయి కనుక, ఆ రోజుల్లో ఇక్కడ అచ్చయిన వార్తే అక్కడి ఊళ్లకూ వెళ్లేది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాక ఏ జిల్లా కబురు ఆ జిల్లాకే పరిమితమైంది. చెన్నైలో వేయిస్తే నెల్లూరులో కనబడదు. ఈ సంగతి తెలియక రెండు చోట్లా పడుతుందనుకుని మోసపోయేవారున్నారు. ఒక్క జిల్లాకు మాత్రమే ఇస్తే ఖర్చు కూడా బాగా తగ్గుతుంది.

మేము నెల్లూరు జిల్లా పేజీలో ఇంటిపేరు పూర్తిగా రాసి, 'స్వస్థలం బిట్రగుంట' అని చేర్చి, ఉత్తరక్రియల తేదీ, మా ఫోను నంబరు ఇచ్చాము. ఆ ఉదయం ఏడింటికే ఒక పెద్దాయన ఫోను చేసి, "అయ్యా, ఈయన లోకో షెడ్డు వెనక వీధిలో ఉండిన గార్డుగారి రెండో అబ్బాయేనా?" అని అడిగారు. అవునన్నాను. మా ఇంట్లో ఎవరూ ఆయన పేరైనా వినలేదు. పదో రోజున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగి, వడపళని దాకా వెతుక్కుంటూ వచ్చారు.

ఇక తమిళ దినపత్రికలు, గోడల మీద అంటించే 'కణ్ణీర్ అంజలి' పోస్టర్లు: వీధిలో వ్యాపారం ఉన్నవారికి, చుట్టుపక్కల పరపతి ఉన్నవారికి అవి అవసరం, మిగిలినవారు వదిలేయవచ్చు. మైలాపూరు, మాంబళం వంటి పేటల్లో ఇళ్లకు ఉచితంగా వచ్చే ఇంగ్లీషు వారపత్రికలను ఇరుగుపొరుగు శ్రద్ధగా చదువుతారు గానీ, వారానికొకసారి వచ్చేవి కనుక ప్రకటన పడేసరికి కర్మలు అయిపోయే ప్రమాదముంది. సంవత్సరీకం తేదీ మాత్రం ముందే తెలుస్తుంది కాబట్టి, ఈసారి మేము ఆ ప్రకటన అటువంటి వారపత్రికకే ఇవ్వబోతున్నాము. ఇంటిపేరు మాత్రం కుదించవద్దని ముందే చెప్పి ఉంచాను.