పెన్సిలా, మట్టా, ల్యాప్‌టాపా: డ్రాయింగ్, 3డీ డిజైన్ మొదలెట్టేవాళ్ళకి ముందు ఏది మేలు?

మా పిన్ని కొడుకు ఈ ఏడాది ఇంటర్ సెకండియర్, డిజైన్ వైపు రావాలని వాడికి బాగా ఉంది. మొన్న ఫోన్ చేసి "అక్కా, డ్రాయింగ్ క్లాస్‌లో చేరమంటావా, లేకపోతే నాన్నతో చెప్పి మంచి ల్యాప్‌టాప్ కొనిపించుకుని బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్ మొదలెట్టమంటావా" అని అడిగాడు. అప్పటికప్పుడు ఏదో చెప్పేశా కానీ రాత్రంతా అదే తిరిగింది బుర్రలో, ఎందుకంటే రెండేళ్ళ క్రితం నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని కనపడ్డవాళ్ళందర్నీ అడిగాను, కొందరు పెన్సిల్ అన్నారు, కొందరు సాఫ్ట్‌వేర్ అన్నారు, మట్టి మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

మాది తెనాలి, విజయవాడలో డిజైన్ చదువుతున్నా, సెకండియర్ అయిపోవచ్చింది. ఫస్ట్ సెమిస్టర్‌లో మా అందరికీ ఇచ్చిన వస్తువు ఇత్తడి చెంబు. అదే చెంబుని పెన్సిల్‌తో గీయాలి, మట్టితో చెయ్యాలి, చివర్లో కంప్యూటర్‌లో మోడల్ చెయ్యాలి. చెంబే ఎందుకంటే, చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అని అమెరికన్ డిజైనర్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఒక రిపోర్ట్ రాసిచ్చారు, దాని తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో ఎన్ఐడీ, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, వచ్చింది. మన దేశంలో చూసిన వస్తువులన్నిట్లోకీ బహుశా ఇదే గొప్పది, ఇదే అందమైనది అని వాళ్ళు ఆ రిపోర్ట్‌లో రాసింది చెంబు గురించే. ఎన్ని నీళ్ళు పట్టాలి, చంకన పెట్టుకుంటారా తల మీద పెట్టుకుంటారా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు తూగుతుంది, వంచితే నీళ్ళు ఎలా పడతాయి, ఇన్ని ప్రశ్నలు వేశారు ఒక్క చెంబు మీద. చిన్నప్పటి నుంచి మా నాయనమ్మ ఇంట్లో చూసిన వస్తువే, అది చదివాక మళ్ళీ చేతిలోకి తీసుకుంటే వేరేగా అనిపించింది.

సరే, ముందు పెన్సిల్.

చెంబు గీయడంలో అసలు పరీక్షంతా మూతి దగ్గరే. కొత్తగా గీసేవాళ్ళం దాదాపు అందరం మూతిని బాదంపప్పులాగా రెండు చివర్లా మొన తేలేలా గీస్తాం, అడుగుకొచ్చేసరికి తిన్నగా ఒక గీత పెట్టేస్తాం, ఎందుకంటే చెంబు బల్ల మీద కుదురుగా కూర్చుందని మనసుకి తెలుసు కాబట్టి చెయ్యి మనసు మాటే వింటుంది, కంటి మాట వినదు. మా మేడమ్ ఏం చేశారంటే చెంబుని మా కళ్ళ ఎత్తుకి లేపి పట్టుకోమన్నారు, అప్పుడు మూతి ఒక సన్నని గీతలా కనిపిస్తుంది, అక్కడి నుంచి మెల్లగా కిందకి దించమన్నారు, దించే కొద్దీ ఆ గీత నోరు తెరుచుకుంటూ గుండ్రంగా అవుతుంది. అంటే కంటికి మూతి కన్నా అడుగు ఇంకా కిందుంది కాబట్టి అడుగు దగ్గర వంపు మూతి వంపు కన్నా ఎక్కువ ఉండాలి, తిన్నగా అసలు ఉండకూడదు. ఇది తెలియడానికి రెండు నిమిషాలు పట్టింది, చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. దగ్గర దగ్గర నలభై షీట్లు అయ్యాయి.

పెన్సిల్ ఇచ్చేది ఇదే, చూడటం. ఇంకేదీ ఇంత బాగా నేర్పదు అని నా నమ్మకం. 2బీ పెన్సిల్‌తో గీసి, ఇంకా మెత్తగా, నల్లగా ఉండే 6బీతో నీడ వేస్తుంటే, చెంబు నీడ వైపున కూడా అంచు దగ్గర సన్నగా వెలుగుంటుందని, అది బల్ల మీద నుంచి తిరిగొచ్చిన వెలుతురని అప్పుడే తెలిసింది, అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు చూసినా కనపడలేదు.

కానీ ఒకటుంది. నీడలు బాగా కుదిరాయి, కొలతలు కుదిరాయి, అందరూ బాగుందన్నారు, అయినా నా చెంబుకి పొట్ట రాలేదు. కాగితం మీద అతికించిన చెంబు ఆకారంలా ఉంది. ఎన్నిసార్లు చెరిపి గీసినా అంతే. కారణం నాకు మట్టి పట్టుకున్నాక గానీ అర్థం కాలేదు.

మట్టికి మాకిచ్చింది ఒక్క వారమే. కుమ్మరి దగ్గర తెచ్చిన బంకమన్ను, చక్రం లేదు, చేత్తోనే తాళ్ళలా పేని చుట్టలు చుట్టుకుంటూ పైకి లేపాలి, ఒక్కో చుట్టకీ మధ్య మట్టినీళ్ళు రాసి వేలితో మెత్తాలి. అట్ట ముక్క మీద చెంబు సగం వంపు గీసి కత్తిరించి, దాన్ని పొట్టకి ఆనించి చుట్టూ తిప్పుతూ ఎక్కడ ఎక్కువుందో ఎక్కడ తక్కువుందో చూసుకోవాలి. ఇక్కడ ఒక విషయం, కాగితం మీద గీసినప్పుడు నేను చెంబుకి ఎదుటి వైపే గీశాను, వెనక వైపు ఏముందో ఎప్పుడూ ఆలోచించలేదు, ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. మట్టిలో అలా కుదరదు, ముందు వైపు సర్దుతుంటే వెనక వైపు నొక్కుకుపోతుంది, బయట నునుపు చేస్తుంటే లోపలి నుంచి ఇంకో చెయ్యి ఆనించి పట్టుకోవాలి. రెండు చేతుల మధ్య గోడ మందం ఎంతుందో వేళ్ళకి తెలుస్తుంది.

నా మొదటి చెంబు పగిలింది. మెడ పల్చగా, అడుగు మందంగా చేశాను, రాత్రి తడిగుడ్డ కప్పకుండా వదిలేసి హాస్టల్‌కి వెళ్ళిపోయాను, పల్చటి మెడ ముందు ఆరి బిగుసుకుపోయింది, కింద ఇంకా తడిగానే ఉంది, రెండూ కలిసే చోట చుట్టూ బీట వచ్చేసింది. చాలా బాధేసింది నిజంగా. రెండోది మాత్రం బాగా వచ్చింది, కానీ మేడమ్ దాన్ని ఇంకా పచ్చిగా ఉండగానే దారంతో నిలువునా రెండు ముక్కలుగా కోయమన్నారు. కోశాను. లోపలి వంపు కనిపించింది. బయట పొట్ట ఎంత గుండ్రంగా ఉందో లోపల అంత లేదు, భుజం దగ్గర గోడ దిట్టంగా ఉంది, అడుగు మధ్యలో కొంచెం పైకి లేచి ఉంది. ఇంటర్లో స్నేహితులు ఇంజినీరింగ్‌కి వెళ్ళి డ్రాయింగ్ క్లాసులో సెక్షన్లు, అంటే వస్తువుని కోస్తే లోపల కనిపించే ఆకారాలు, అర్థం కావట్లేదని ఏడుస్తుంటారు కదా, వాళ్ళకి నేను చెప్పేది కూడా ఇదే, ఒక క్యారెట్ తీసుకుని అడ్డంగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి కోసి చూడండి, పుస్తకంలో బొమ్మ ఆ తర్వాత చూడండి.

ఆ సాయంత్రమే మళ్ళీ పెన్సిల్ పట్టుకున్నా. ఈసారి పొట్ట వచ్చింది. గీత గీస్తుంటే చెయ్యి పొట్ట చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తున్నట్టే అనిపించింది. మూడు వారాల పెన్సిల్‌తో రానిది ఒక వారం మట్టి తర్వాత వచ్చింది, నా అభిప్రాయం మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

ఇక సాఫ్ట్‌వేర్. బ్లెండర్ ఫ్రీ, డౌన్‌లోడ్ చేసుకోవడమే. చెంబు సగం వంపు గీసి నడి గీత చుట్టూ తిప్పమంటే పది నిమిషాల్లో చెంబు రెడీ, మెడ పొడుగు చెయ్యాలంటే లాగడమే, తప్పయితే కంట్రోల్ జెడ్. ఒకే సాయంత్రం పన్నెండు రకాల చెంబులు చేసి పక్కపక్కన పెట్టుకున్నా, మట్టితో అయితే ఆ పని నెల రోజులకి కూడా అయ్యేది కాదు. కొలత మిల్లీమీటర్ తేడా రాదు. ఈ బలాన్ని నేను తక్కువ చెయ్యను.

కాకపోతే స్క్రీన్ మీద వస్తువుకి బరువు లేదు, మందం లేదు, సైజ్ కూడా లేదు. నా చెంబుని 3డీ ప్రింట్‌కి ఇస్తే ప్రింట్ అవ్వలేదు, ఎందుకంటే నేను చేసింది వట్టి పైపొర, గోడకి మందమే ఇవ్వలేదు. మట్టిలో ఆ తప్పు చెయ్యమన్నా చెయ్యలేం. 2 మిల్లీమీటర్ల మందం ఇచ్చి మళ్ళీ పెట్టాను, అప్పుడు భుజం దగ్గర గోడ లోపలికి బాగా వాలి ఉండటంతో ప్రింట్ అయ్యేటప్పుడు పడిపోకుండా లోపల సపోర్ట్‌లు, అంటే ఆసరా పుల్లల్లాంటివి, వెయ్యాల్సొచ్చింది, అవి పీకితే గరుకు మచ్చలు మిగిలాయి. ఇంకోటి, రెండో సెమిస్టర్‌లో స్టూల్ డిజైన్ చేశాను, స్క్రీన్ మీద సన్నగా, పొడుగ్గా భలే ఉంది, ఎత్తు 600 మిల్లీమీటర్లు కొట్టాను, మామూలుగా కూర్చునే కుర్చీ సీటు ఎత్తు 450 అటూ ఇటూ ఉంటుంది. అదే కొలతలకి అట్టపెట్టెలు కోసి అసలు సైజ్‌లో చేసి కూర్చుంటే నా కాళ్ళు గాల్లో ఉన్నాయి. స్క్రీన్ మీద మూడు వారాలు చూసినా తెలియనిది అట్ట మీద కూర్చోగానే తెలిసింది.

సాఫ్ట్‌వేర్‌ని అర్థం చేసుకోవడానికి కూడా చేతిపనే సాయం చేసింది నాకు. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిరిగే లేత్ మీద పెట్టి ఉలి ఆనిస్తారు, కర్ర తిరుగుతుండగానే లక్క రంగు అదిమితే ఆ రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది, అక్కడ ఏ బొమ్మయినా ఒక నడి గీత చుట్టూ పుట్టిందే. మాకు దగ్గర్లోనే ఉన్న కొండపల్లిలో అలా కాదు, తెల్ల పొణికి కర్రలో చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఒకటి తిప్పి చేసేది, ఒకటి ముక్కలు కలిపి చేసేది. బ్లెండర్‌లో ఏ వస్తువు మొదలెట్టినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే, ఇది ఏటికొప్పాక రకమా, కొండపల్లి రకమా అని. ఇది తెలిశాక సగం ట్యుటోరియల్స్ చూడాల్సిన అవసరం పడలేదు.

కాబట్టి నా వరకు వరస ఇది: మట్టి, అట్ట ముందు, పెన్సిల్ దాని వెనకే, దాదాపు కలిపే, ల్యాప్‌టాప్ చివర్లో. అందరూ పెన్సిల్‌తో మొదలెట్టమంటారు, నేను ఒప్పుకోను, చేత్తో పట్టుకుని చెయ్యని ఆకారాన్ని గీస్తే గీత అంచు దగ్గరే ఆగిపోతుంది.

ఒక్క చోట మాత్రం మారుస్తా. ఎంట్రన్స్ పరీక్షకి మూడు నాలుగు నెలలే ఉంటే పెన్సిల్‌కే ఎక్కువ టైం ఇవ్వాలి, డిజైన్ డిగ్రీ సీట్లకి రాసే యూసీడ్‌లో పార్ట్ బీలో డ్రాయింగ్ ఉంటుంది, ఆ స్పీడ్ రోజూ గీస్తే తప్ప రాదు. ఆర్కిటెక్చర్‌కి రాసే నాటా అయితే 2024 నుంచి బొమ్మలు గీయడంతో పాటు, వాళ్ళిచ్చే కిట్‌తో అక్కడే 3డీ కంపోజిషన్ కూడా చెయ్యాలి, కాబట్టి అట్ట, కాగితం మడతలు పెట్టే అలవాటు అక్కడ కూడా నేరుగా పనికొస్తుంది. ఖర్చు సంగతి కూడా చెప్పాలి, పెన్సిళ్ళు, షీట్లు కొన్ని వందల్లో అయిపోతాయి, మట్టికి దాదాపు ఏమీ కాదు, గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న ల్యాప్‌టాప్ అంటే యాభై వేలకి పైనే, మా బాబాయికి అది చిన్న మొత్తం కాదు, సీటు వచ్చాక కొన్నా ఏం మించిపోదు.

నిన్న వాడికి మళ్ళీ ఫోన్ చేసి ఇదే చెప్పా. "ఆదివారం వెళ్ళి కుమ్మరి తాత దగ్గర రెండు ముద్దలు బంకమన్ను అడిగి తెచ్చుకోరా, నాయనమ్మ ఇత్తడి చెంబు దేవుడి గదిలోనే ఉంది, ముందది చెయ్యి, రాత్రి తడిగుడ్డ కప్పడం మర్చిపోకు. ల్యాప్‌టాప్ సంగతి సీటొచ్చాక నేనే మాట్లాడతా బాబాయితో."