దిశాజ్ఞానానికి మూలం: వేటా, సంచార పరిధా?

దిశను గుర్తించే కొన్ని పరీక్షల్లో స్త్రీ పురుషుల మధ్య కనిపించే తేడాకు పరిణామ దృష్టితో ముఖ్యంగా రెండు వివరణలు ప్రచారంలో ఉన్నాయి.

పురుషులు వేటకు దూరాలు తిరిగారు కనుక దిశను బాగా గుర్తిస్తారనీ, స్త్రీలు దుంపలూ పళ్లూ సేకరించారు కనుక వస్తువులున్న చోటును బాగా గుర్తుంచుకుంటారనీ 1992లో మనస్తత్వవేత్తలు సిల్వర్‌మన్, ఈల్స్ వాదించారు. వినడానికి సొంపుగానే ఉంది గాని, టాంజానియాలోని హద్జా తెగలో మానవశాస్త్రవేత్త ఎలిజబెత్ క్యాష్‌డన్ బృందం పరీక్షించినప్పుడు, నిత్యం దుంపలు తవ్వి తెచ్చే ఆ స్త్రీలకు చోటు జ్ఞాపకంలో ఆధిక్యం కనిపించలేదు.

రెండవ వివరణ తిండిని గాక, జత కోసం తిరిగే పరిధిని పట్టుకుంటుంది. 1986లో పరిశోధకులు గాలిన్, ఫిట్జ్‌గెరాల్డ్ వోల్ అనే చిట్టెలుకలను పోల్చారు. ఒక జాతిలో మగవి అనేక ఆడవాటి కోసం విస్తృతంగా తిరుగుతాయి, చిక్కుదారుల పరీక్షలో ఆడవాటిని మించాయి. జంటగా బతికే మరో జాతిలో పరిధిలోనూ, నేర్పులోనూ తేడా లేదు. మనుషుల విషయంలో దీనికి దగ్గరి సాక్ష్యం వాయవ్య నమీబియా కొండల్లోని ట్వే, ట్జింబా తెగల నుంచి వచ్చింది. అక్కడ బొమ్మను మనసులోనే తిప్పి పోల్చుకోవడంలో ముందున్న పురుషులు ఎక్కువ దూరం ప్రయాణించారనీ, దూరం వెళ్లేవారికి ఎక్కువమంది స్త్రీల ద్వారా సంతానం కలిగిందనీ వాష్రో, క్యాష్‌డన్ 2015లో చూపారు.

నా మొగ్గు రెండవ వివరణ వైపే. అయితే నేర్పు ఉన్నందుకు తిరిగారా, తిరిగినందుకు నేర్పు వచ్చిందా అన్నది ఈ సహసంబంధం ఒక్కటే తేల్చలేదు.