ముసలి కుక్కకూ కొత్త కుక్కకూ నడుమ గేటు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

మా ముసలి కుక్క రాకీకి పదేళ్ళు దాటాక, చిన్ని అనే కొత్త కుక్క ఇంటికి వచ్చింది. గుమ్మం, సోఫా, నీళ్ళ గిన్నె, నేను కూర్చునే కుర్చీ పక్క చోటు, అన్నీ రాకీకి పట్టా భూములే. వీధిలో మరో కుక్క కనిపిస్తేనే ఒళ్ళు బిగించుకునే మనిషి, ఇంట్లో కొత్తదాన్ని ఊరికే రానిస్తాడా? వీళ్ళిద్దరి కోసం గుమ్మాలకు బిగించే పిల్లల గేట్లు, మూతికి తొడిగే బుట్ట మజిల్, పొడవాటి లీష్ (పట్టుకుని నడిపించే తాడు), ప్లగ్గుకు పెట్టే ఫెరోమోన్ డిఫ్యూజర్ (కుక్కను శాంతపరుస్తుందని చెప్పే రసాయనాన్ని గాలిలోకి వదిలేది) కొన్నాను. అన్నిటినీ అరిగేదాకా వాడాను.

వీటి సంగతి చెప్పేముందు ఒక మాట. వయసు మళ్ళిన కుక్క హఠాత్తుగా కోపిష్ఠి అయితే మొదటి ఖర్చు పశువైద్యుడికే పెట్టండి. రాకీకి తుంటి కీళ్ళు అరిగాయని తేలింది. చిన్ని ఎగిరి మీద పడితే నొప్పి పుడుతుంది కనుక, అది దగ్గరకు రాకముందే గుర్రుమనేవాడు. మందులు మొదలయ్యాక ఆ గుర్రు చాలావరకు తగ్గింది. చూపు, వినికిడి మందగించినా అంతే. పక్కకు ఎవరు వచ్చారో తెలియక ఉలిక్కిపడి నోరు చేసుకుంటాయి. మన మందుల డబ్బాలోంచి నొప్పి బిళ్ళ తీసి వేయడం మాత్రం వద్దు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది.

ఇక సామాను. మార్కులన్నీ గేటుకే. అది చేసేది చిన్న పనే: రెండు కుక్కలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ, వాసన పట్టుకుంటూ, అందకుండా ఉండేలా చేస్తుంది. మొదట్లో గేటు కింది భాగానికి దుప్పటి కట్టి చూపు కూడా ఆపాను. ఒకదాని పక్కగుడ్డ రెండోదానికి వాసన చూపించాను. దుప్పటిని కొంచెం కొంచెంగా పైకి మడిచాను. చిన్ని కనబడిన ప్రతిసారీ రాకీకి ఇష్టమైన తిండి ముక్క నోట్లో పడేది, చిన్ని వెళ్ళగానే ముక్కలూ ఆగేవి. ఈ వరస ముఖ్యం: ముందు కుక్క కనబడాలి, వెంటనే ముక్క రావాలి. తిరగేస్తే ముక్క చూపగానే కుక్క వస్తుందని అనుమానం మొదలవుతుంది.

స్క్రూలు లేకుండా ఒత్తిడితో నిలబడే రకం గేటు, చిన్ని దానిమీద పాదాలు పెట్టగానే జరిగింది. గోడకు స్క్రూలతో బిగించేదే కొనండి. ఊచల సందులోంచి మూతి దూరకూడదు, ఒంటి చేత్తో తెరుచుకోవాలి. వీలుంటే కొంత ఎడం వదిలి రెండు గేట్లు పెట్టండి. ఒకటి పొరపాటున తెరిచి ఉన్నా రెండోది కాపాడుతుంది. మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ గేటు వేయడం మరిచిపోవడంలో సమర్థులు.

బుట్ట మజిల్‌ది రెండో స్థానం. గుడ్డతో మూతి బిగించే రకం జోలికి పోవద్దు. కుక్క నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడి దించుకుంటుంది కాబట్టి, నోరు పూర్తిగా తెరుచుకునే బుట్టే కావాలి. నీళ్ళు తాగగలగాలి, ముక్క అందుకోగలగాలి. అడుగున ఏదైనా రుచి పూసి పట్టుకుంటే కుక్క తనంతట తానే మూతి పెడుతుంది. పట్టీ బిగించడం ఆ తర్వాతి మాట. తొందరపడితే బుట్ట చూడగానే మంచం కిందికి పోతుంది. మాకున్న చిక్కు ముక్కు మీద ఒరుపు. లోపల మెత్తటి గుడ్డ కుట్టాక తగ్గింది. మజిల్ కాటును ఆపుతుంది, కోపాన్ని ఆపదు. బుట్ట తొడిగి రెండు కుక్కలనూ ఒక గదిలో వదిలేసి తేల్చుకోమనడం మొరటుతనం.

లీష్‌తో చేసిన మంచి పని పక్కపక్క నడక. ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు, ఎవరిదీ కాని చోటు, ఎదురెదురుగా కాకుండా ఒకే దిక్కుకు. రాకీ నేల వాసన చూస్తూ హాయిగా నడిచేంత దూరంతో మొదలుపెట్టి, నెమ్మదిగా దగ్గరకు తెచ్చాం. ఒళ్ళు బిగిస్తే, పెదవి నాకుతుంటే, కంటి తెల్లగుడ్డు కనబడితే మళ్ళీ దూరం జరగాలి. గుర్రుమన్నందుకు తిట్టకూడదు, హెచ్చరిక మాన్పిస్తే నేరుగా కాటే మిగులుతుంది. పొడవు లీష్‌ను కాలర్‌కు కాక ఒంటికి తొడిగే హార్నెస్‌కు తగిలించండి, కుదుపు మెడ మీద పడదు. నైలాన్ తాడు చేతిని కోస్తుంది, తొడుగులు వేసుకోండి.

డిఫ్యూజర్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పెట్టినప్పుడూ తీసేసినప్పుడూ రాకీలో తేడా కనబడలేదు. మీ కుక్కకు పనిచేస్తే సంతోషం, నేను మళ్ళీ కొనను.

షాక్ కాలర్ కొనమని చాలామంది చెప్పారు. కొనలేదు. ఎదుటి కుక్క కనబడిన క్షణాన మెడలో నొప్పి పుడితే, దానికి కారణం ఆ కుక్కేనని మన కుక్క నేర్చుకుంటుంది. జంతు ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో ప్రకటించిన వైఖరి కూడా బహుమతితో నేర్పడమే తప్ప బాధపెట్టి నేర్పవద్దనే. ‘నువ్వే నాయకుడివని చూపించు’ అనే సలహాకూ నేను చెవి ఇవ్వలేదు. కుక్క మంద నాయకుడికే లొంగుతుందనే ఆ సిద్ధాంతానికి మూలం బంధించి ఉంచిన తోడేళ్ళను చూసి రాసిన పాత అధ్యయనాలు.

ఇప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఎడంగా పడుకుంటారు. స్నేహం లేదు, ఉండాలన్న పట్టుదల నాకూ లేదు. తిండి ఇప్పటికీ వేరు గదుల్లో, బొమ్మలు గేటుకు చెరోవైపు, రాకీ తప్పుకునే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బయటి కుక్కలను ఇంట్లోకి తేనివ్వను. ఇప్పటికే రక్తం కారేలా కరుచుకున్న జంట అయితే ఈ సామాను చాలదు. ముందు రెండింటినీ విడిగా ఉంచి, ప్రవర్తన తెలిసిన పశువైద్యుణ్ణి కలవండి. ఒకటే కొనగలిగితే స్క్రూ గేటు కొనండి, గొళ్ళెం ఇనుముది చూసుకోండి. మాది ప్లాస్టిక్‌ది, రెండుసార్లు మార్పించాల్సి వచ్చింది.