వేళ్ల కొసల మంటకు సన్న తీగలు: డి'అడారియో ఈజే15 (10–47) సెట్ ఎంతవరకు పనికొస్తుంది?

అకూస్టిక్ గిటార్ కొన్న మొదటి నెలలోనే దాన్ని మూలన పెట్టేసేవాళ్లు చాలామంది. కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల పట్టులు) రాక కాదు, ఎడమచేతి వేళ్ల కొసలు మండిపోయి. "కాయలు కాసేదాకా ఓర్చుకో" అని అందరూ చెబుతారు. కానీ ఓర్చుకోవాల్సిన నొప్పిలో పెద్ద వాటా తీగల మందానిదీ వాటి ఎత్తుదీ. ఈ రెండూ మార్చుకోవచ్చు.

చాలా గిటార్లు 12–53 సెట్‌తోనో దానికి దగ్గరి మందంతోనో వస్తాయి. అంటే అన్నిటికన్నా సన్నదైన మొదటి తీగ 0.012 అంగుళాలు, లావైన ఆరో తీగ 0.053 అంగుళాలు. తీగల కంపెనీ డి'అడారియో వారి ఈజే15 ఫాస్ఫర్ బ్రాంజ్ సెట్‌లో తీగల మందం 0.010, 0.014, 0.020, 0.028, 0.039, 0.047 అంగుళాలు. అంకెల్లో తేడా చిన్నదే, వేలికి మాత్రం చాలా పెద్దది. తీగ బిగువు మందం వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి మారుతుంది. 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద 0.012 మొదటి తీగ సుమారు 23.3 పౌండ్ల బిగువుతో ఉంటే, 0.010 తీగ 16.2 పౌండ్లతోనే అదే శ్రుతి పలుకుతుంది. అంటే 30 శాతం తక్కువ. మూడో తీగలోనూ దాదాపు ఇంతే తగ్గుతుంది. ఐదో తీగలో మాత్రం 0.042 నుంచి 0.039కే దిగుతుంది కాబట్టి అక్కడ ఊరట తక్కువ. మన దగ్గర నేర్చుకునేవాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించే యమహా ఎఫ్310 స్కేల్ 634 మిల్లీమీటర్లు. దాని మీద బిగువు ఇంకో నాలుగు శాతం దిగుతుంది.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. సన్న తీగ చర్మంలోకి సన్నగా దిగుతుంది. కాబట్టి 12 సెట్ మీద నొక్కినంత బలంగా దీన్నీ నొక్కితే మంట తగ్గదు, పైగా స్వరం పైకి జారి కార్డ్ అపశ్రుతిగా వినిపిస్తుంది. వేలిని ఫ్రెట్ కమ్మీకి (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతకు) ఆనుకునేంత దగ్గరగా పెట్టి, తీగ స్పష్టంగా మోగేంతవరకే నొక్కాలి. ఎంత బలం చాలో తెలియాలంటే, తీగ మీద వేలు ఊరికే ఆనించి మీటుతూ నెమ్మదిగా ఒత్తిడి పెంచండి. మూగశబ్దం పోయి స్వరం తేటపడిన చోట ఆగండి. అక్కడికి మించి వేసే బలమంతా వేలికి దండగ.

సెట్ కొనే ముందు స్టీలు స్కేలు తీసుకుని 12వ ఫ్రెట్ దగ్గర కమ్మీ పైభాగం నుంచి తీగ అడుగు వరకు ఎంతుందో కొలవండి. ఆరో తీగ దగ్గర 2.5, మొదటి తీగ దగ్గర 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే సరే. 3 దాటితే ఏ తీగలు వేసినా వేళ్లు పుండవుతాయి. తర్వాత మొదటి ఫ్రెట్‌లో కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించి వాయించి చూడండి. ఒక్కసారిగా చేతికి హాయి అనిపిస్తే దోషం నట్‌ది, అంటే మెడ పైకొసన తీగలు కూర్చునే పట్టీది. దాని గాడులు సరిపడా లోతుగా లేవన్నమాట. ఎఫ్ కార్డ్ దగ్గర ప్రాణం తోడేది ఎక్కువసార్లు ఇదే. గాడులు అరగదీయడానికి కొలత ప్రకారం చేసిన ఆకురాళ్లు కావాలి, ఆ పని రిపేరు చేసేవారికే వదిలేయండి. శాడిల్ (గిటార్ పొట్ట మీది బ్రిడ్జ్‌లో తీగలు ఆనే పట్టీ) అయితే ఇంట్లోనే చేసుకోవచ్చు. బయటికి తీసి, అడుగువైపు గరుకు కాగితం మీద నిటారుగా పట్టి రుద్దాలి. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దించాలంటే శాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు పోవాలి. ఒకేసారి రుద్దేయొద్దు, పెట్టి చూస్తూ రుద్దండి.

తీగలు ఎక్కించడంలో ఈ కంపెనీ చేసిన మేలు తీగ కొసన ఉండే రంగు గుండ్లు. ఆరో తీగకు ఇత్తడి రంగు, తర్వాత వరుసగా ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, ఊదా, మొదటి తీగకు వెండి రంగు. కొత్తవాళ్లు తికమకపడే అవకాశమే లేదు. అన్నీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటే మార్చండి. గుండు బ్రిడ్జ్ పిన్ (తీగను రంధ్రంలో పట్టి ఉంచే మేకు) కొసకు కాకుండా లోపలి పలకకు ఆనాలి. పిన్ నొక్కిపట్టి తీగను పైకి లాగితే గుండు తన చోట కూర్చుంటుంది. అలా కూర్చోకపోతే బిగించేటప్పుడు పిన్ ఎగిరిపోతుంది. శ్రుతి బిగించే కీ దగ్గర రెండు అంగుళాల వదులు ఉంచి, చుట్టలు పైనుంచి కిందికి వచ్చేలా తిప్పండి. మొదటి రెండు రోజులు శ్రుతి దిగుతూనే ఉంటుంది. అది తీగ సాగడం, లోపం కాదు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. బిగువు తగ్గడంతో మెడ కొంచెం వెనక్కి వాలుతుంది, వదులు తీగ వెడల్పుగా ఊగుతుంది. రెండూ కలిసి మొదటి నాలుగైదు ఫ్రెట్లలో జీర పుట్టిస్తాయి. మెడ లోపల ఉండే లోహపు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు వదులు చేసి, ఒక రోజు ఆగి చూస్తే చాలావరకు పోతుంది. ఫ్రెట్ నొక్కినప్పుడు శుభ్రంగా ఉండి, వట్టి తీగ మీటినప్పుడే తంబురాకు జీవాళి దారం పెట్టినట్టు జుయ్యిమంటే, మందపాటి తీగకు కోసిన నట్ గాడిలో సన్న తీగ అల్లాడుతోందని అర్థం.

శబ్దం విషయంలో రాజీ పడక తప్పదు. గట్టిగా స్ట్రమ్ చేస్తే 12 సెట్‌లో వచ్చే నిండుదనం ఇందులో రాదు. గదిలో నేర్చుకోవడానికి ఈ లోటు లెక్కలోకి రాదు, మైకు లేకుండా నలుగురి ముందు పాడేవాళ్లకు తెలుస్తుంది. ఇంకా మెత్తగా కావాలంటే సిల్క్ అండ్ స్టీల్ రకం ఉంది, కానీ ఆ నాదం మరీ మొద్దుగా ఉంటుంది. వేళ్లకు తొడిగే సిలికాన్ టోపీలు మాత్రం కొనొద్దు. లావుగా ఉండి పక్క తీగను మూగబోయేలా చేస్తాయి, తీగ స్పర్శ తెలియనివ్వవు, పైగా కాయలు కాయనివ్వవు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కు ఈ సెట్ ఎక్కించనే వద్దు. ఉక్కు తీగల బిగువుకు దాని బ్రిడ్జ్ ఊడి వస్తుంది.

ఈ తీగలతోనూ మొదటి వారాల్లో కొంత నొప్పి ఉంటుంది. గంటసేపు ఏకబిగిన కాకుండా పది పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు వాయించండి. స్నానం చేసిన వెంటనే, అంట్లు తోమిన వెంటనే ముట్టుకోవద్దు, నానిన చర్మం ఇట్టే చిట్లుతుంది. పొట్టు లేస్తే పీకకుండా అంచు మాత్రం కత్తిరించండి. బొబ్బ వస్తే చిదమకుండా ఆరేదాకా ఆగండి. కొబ్బరినూనె రాసుకోవాలంటే రాత్రి పడుకునే ముందు, వాయించే ముందు కాదు. కొస మొద్దుబారినట్టు ఉండటం మామూలే. తిమ్మిరి అరచేతికో మణికట్టుకో పాకితే మాత్రం అది కాయల సంగతి కాదు, ఆపేసి డాక్టరుకు చూపించాలి.

ఈ సెట్‌కు పైపూత లేదు. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల ఉక్కలో, చెమట చేతులతో త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు గరుకు వేలి కొసను ఆకురాయిలా గీకుతుంది. వాయించడం అవగానే పొడి నూలుగుడ్డతో తీగ పైనా అడుగునా తుడవండి. గోరుతో తీగ అడుగున గీస్తే ఫ్రెట్లున్న చోట నొక్కులు తగులుతున్నాయంటే కొత్త సెట్ వేసే సమయం వచ్చింది. అప్పటికి కాయలు గట్టిపడి ఉంటే ఇదే కంపెనీ 11–52 సెట్‌కు, అంటే ఈజే26కు, మారండి. మెడ కోసం వదులు చేసిన ట్రస్ రాడ్‌ను అప్పుడు మళ్లీ సరిచూసుకోవాలి.